ఇంగ్లాండులోని కోవెంట్రీలో ఉంటున్న తెలుగు పిల్లలకు, ఈ ఊరి పాత వీధుల గురించి ఒక బహిరంగ లేఖ

తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ,

నెల రోజుల కిందట మీలో ఒకబ్బాయికి బ్యాంకు పని మీద తోడు వెళ్ళాను. అతను ఈ దేశం వచ్చి అప్పటికి పది రోజులు. బ్రాడ్‌గేట్‌లో గుర్రం మీది గొడైవా దొరసాని విగ్రహం దాటుతుంటే అన్నాడు: "శనివారం యార్క్ వెళ్తున్నామక్కా, అక్కడ పాత వీధులున్నాయట. ఇక్కడేముంది, అంతా యుద్ధంలో పోయిందిగా." తప్పు పట్టడానికి లేదు. పదిహేడేళ్ళ కిందట నేనూ అదే విని, అదే నమ్మి ఇక్కడ దిగాను. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు కూడా చాలామంది అదే మాట చెప్తారు. అది సగం నిజం. మిగతా సగం మీకు తెలియాలని ఈ ఉత్తరం. ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, ఊరి నడిబొడ్డున మళ్ళీ పెద్ద కూల్చివేతలు నడుస్తున్నాయి. కొత్తగా లేస్తున్న వాటిలో ఎన్నో మీ కోసం, అంటే విద్యార్థుల కోసం కడుతున్నవే.

ముందు మీకు తెలిసిన సగం. 1940 నవంబరు 14 రాత్రి, నిండు వెన్నెల్లో, దాదాపు 500 జర్మన్ విమానాలు ఈ ఊరి మీద పదకొండు గంటలపాటు బాంబులు కురిపించాయి. దాదాపు 570 మంది చనిపోయారు. నాలుగు వేలకు పైగా ఇళ్ళు నేలమట్టమయ్యాయి. సెయింట్ మైకేల్ కెథడ్రల్ కప్పు కూలిపోయి, చుట్టూ ఎర్రరాతి గోడలూ 295 అడుగుల శిఖరమూ మాత్రం మిగిలాయి. ఆ గోడల మధ్య మీలో చాలామంది ఫొటోలు దిగారు. మా అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్తే, కప్పులేని ఆ గుడిలోకి చెప్పులు విడిచి అడుగుపెట్టింది. "ఫాదర్ ఫర్గివ్" అని చెక్కిన గోడ ముందు ఎంతసేపు నిలబడిందో. ఆ గోడల పక్కనే బేసిల్ స్పెన్స్ రూపకల్పనలో కట్టిన కొత్త కెథడ్రల్‌ని 1962లో ప్రారంభించారు. ఇవన్నీ ఏ గైడ్ అయినా చెప్తాడు, నేను ఆగను.

నేను ఆగేది ట్రినిటీ స్ట్రీట్ దగ్గర. బస్సుల కోసం మీరు రోజూ నిలబడే వీధే. అక్కడ ఒకప్పుడు బుచర్ రో ఉండేది. కసాయివాళ్ళ వీధి. పై అంతస్తులు వీధి మీదికి వంగి, ఎదురింటి కిటికీని చేత్తో తాకవచ్చేమో అన్నంత ఇరుకుగా, చెక్క చట్రాల ఇళ్ళు రెండు వైపులా వరసగా ఉండేవి. యార్క్‌లో జనం వరస కట్టి చూసే షాంబుల్స్ కూడా కసాయివాళ్ళ వీధే. అలాంటిది మనకూ ఉండేది. దాన్ని పడగొట్టింది జర్మన్లు కాదు. 1936లో, యుద్ధానికి మూడేళ్ళ ముందు, ఊరి కౌన్సిలే పడగొట్టించింది. కార్లకు దారి కావాలి కాబట్టి. ట్రినిటీ స్ట్రీట్ మరుసటి ఏడాది తెరిచారు. అంతకు ముందే, 1931లో, పాత ఇళ్ళ మధ్యనుంచి కార్పొరేషన్ స్ట్రీట్ వేశారు.

ఎందుకు చేశారో నాకు అర్థమవుతుంది. 1901లో ఈ ఊరి జనాభా 70 వేలు. సైకిళ్ళు, తర్వాత మోటారు కార్లు, విమానాల ఇంజన్లు. పనికోసం దేశం నలుమూలల నుంచీ జనం వచ్చిపడ్డారు. 1931 నాటికి జనాభా లక్షా అరవై వేలు దాటింది. మధ్యయుగాల్లో ఎడ్లబండ్ల కోసం వేసిన వీధుల్లో కార్లు ఇరుక్కుపోయాయి. పాత ఇళ్ళలో చీకటి, తడి, ఒక్క మరుగుదొడ్డికి ఎన్నో కుటుంబాలు. ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళకి అవి అందంగా ఏమీ లేవు. అదీ నిజమే. అయినా ఒక్క సందైనా వదలాల్సిందని ఆ ఫొటోలు చూసినప్పుడల్లా అనుకుంటాను. ఆ ఫొటోలు హెర్బర్ట్ మ్యూజియంలోని చరిత్ర విభాగంలో ఉన్నాయి, అడిగితే చూపిస్తారు, డబ్బులేమీ అక్కర్లేదు. మీ యూనివర్సిటీకి ఎదురుగానే ఉంది హెర్బర్ట్.

బాంబులు పడ్డాక ఏం జరిగిందన్నది ఇంకో కథ. డోనల్డ్ గిబ్సన్ అని ముప్పై దాటిన కుర్రవాడు అప్పటికి ఈ ఊరి ఆర్కిటెక్ట్. కొత్త నగరం ఎలా ఉండాలో అతని బృందం అప్పటికే బొమ్మలు గీసి, 1940 మే నెలలో జనానికి ప్రదర్శించింది. బాంబులు పడింది ఆ తర్వాత ఆరు నెలలకి. అంటే పాత ఊరిని మార్చాలన్న ఆలోచన నిప్పుకంటే ముందే ఉంది. మంటలు ఆరిన మూడు నెలలకే, 1941 ఫిబ్రవరిలో, కౌన్సిల్ ఆ ప్రణాళికను ఒప్పుకుంది. స్మిత్‌ఫర్డ్ స్ట్రీట్ అన్న పాత వీధి ఉన్నచోట, కార్లు రాని, మనుషులు మాత్రమే నడిచే అంగడి వీధి వచ్చింది. యూరప్‌లో అలాంటి వాటిలో అది మొదటి వరసలోది. మీరు బట్టలు కొనుక్కునే ప్రీసింక్ట్ అదే. ఈసారి వెళ్ళినప్పుడు దాని మధ్యలో నిలబడి తూర్పుకి చూడండి. సెయింట్ మైకేల్ శిఖరం సూటిగా ఎదురుగా ఉంటుంది. అనుకోకుండా జరిగింది కాదు, గిబ్సన్ ఆ శిఖరానికి గురిపెట్టే వీధి గీశాడు. పాతదాన్ని తుడిచేసినవాడు కూడా పాత శిఖరాన్ని ఆనవాలుగా పెట్టుకున్నాడు. అందుకే ఆయన్ని తిట్టడం నాకు చేతకాదు.

కానీ 1950లలో, 60లలో జరిగింది చూస్తే మనసు కష్టపడుతుంది. బాంబులు తప్పించుకుని నిలిచిన చెక్క ఇళ్ళు ఒక్కొక్కటే పోయాయి. రోడ్డుకి అడ్డమని ఒకటి, ఆఫీసు కట్టాలని ఒకటి, మరమ్మతు ఖర్చెక్కువని మరొకటి. 1962లో మొదలుపెట్టి 1974కి రింగ్ రోడ్డు పూర్తి చేశారు. రెండుంబావు మైళ్ళ పొడవు, తొమ్మిది జంక్షన్లు.

రింగ్ రోడ్డు మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. దాదాపు అంతే పొడవున, రమారమి అదే చుట్టుకొలతలో, ఈ ఊరికి ఒకప్పుడు కోటగోడ ఉండేది. 1350లలో మొదలుపెట్టి తరాల తరబడి కట్టారు. 12 అడుగుల ఎత్తు, 8 అడుగుల మందం, 12 ద్వారాలు. 1642లో మొదటి చార్లెస్ రాజు సైన్యంతో వస్తే ఊరివాళ్ళు తలుపులు తియ్యలేదు. తండ్రి ముఖాన తలుపు వేసిన ఊరి మీద కొడుకు రెండో చార్లెస్ పగ తీర్చుకున్నాడు. 1662లో గోడ కూల్చమన్నాడు. పన్నెండు ద్వారాల్లో ఇప్పుడు మిగిలినవి రెండు: కుక్ స్ట్రీట్ గేట్, స్వాన్స్‌వెల్ గేట్. ఆ రెంటి మధ్య లేడీ హెర్బర్ట్ పేరిట చిన్న తోట ఉంది. పరీక్షల రోజుల్లో ఎక్కడ కూర్చుని చదువుకోవాలా అని వెతికేవాళ్ళకి చెప్తున్నాను, మధ్యాహ్నం పూట అక్కడ ఎవ్వరూ ఉండరు.

ఇక స్పాన్ స్ట్రీట్. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఈ వీధి.

ఊరికి పడమటి దారి ఇది. షెర్‌బోర్న్ ఏటి నీళ్ళతో అద్దకంవాళ్ళు, తోళ్ళు పదును చేసేవాళ్ళు ఇక్కడ బతికారు. కోవెంట్రీ నీలం రంగు నూలుకి ఇంగ్లాండంతటా పేరుండేది, ఎన్ని ఉతుకులకీ వెలిసేది కాదని. ఆ ఏరు ఇప్పుడు ఊరి కింద సొరంగంలో పారుతోంది. బర్జెస్ వీధిలో మీరు నడుస్తున్నప్పుడు అది మీ కాళ్ళకిందే ఉంటుంది. బర్జెస్ అన్న పేరే 'వంతెనలు' అన్న మాట అరిగి అయిందంటారు. అద్దకం తర్వాత స్పాన్ స్ట్రీట్‌లో గడియారాల పని వచ్చింది. ఆ గడియారాల మ్యూజియం ఒకటి కోర్ట్ 7 అనే పెరట్లో ఉంది. ఆ పెరడు కూడా చూడండి. కూలి జనం వాకిలి పంచుకుని, నీళ్ళు పంచుకుని బతికిన లోగిళ్ళు ఈ ఊళ్ళో వందలుండేవి.

నేను మొదటిసారి స్పాన్ స్ట్రీట్ చూసింది వచ్చిన ఏడాది చలికాలంలో. నల్లటి కలప చట్రాలు, మధ్యలో తెల్లటి గోడలు, ముందుకు తోసుకొచ్చిన పై అంతస్తులు. ఈ ఇళ్ళు ఐదారు వందల ఏళ్ళుగా ఇక్కడే నిలబడి ఉన్నాయి కదా అనుకుని పొంగిపోయాను. తర్వాత చదివితే తెలిసింది, వాటిలో కొన్ని అక్కడివి కావు. ఊరికి ఆ చివర మచ్ పార్క్ స్ట్రీట్‌లో ఉన్న ఇళ్ళని 1970లలో ముక్క ముక్కగా విప్పి, తీసుకొచ్చి, స్పాన్ స్ట్రీట్‌లో ఖాళీ ఉన్నచోట మళ్ళీ నిలబెట్టారు. అక్కడే పుట్టి అక్కడే మిగిలినవీ ఉన్నాయి, ఓల్డ్ విండ్‌మిల్ అనే పబ్బు అలాంటిదే. ఎఫ్.డబ్ల్యు.బి. చార్ల్స్ అనే ఆర్కిటెక్ట్ ఈ పనికి వెన్నెముక.

ఇల్లు విప్పడమేమిటని మీరు అడుగుతారు. ఆ ఇళ్ళు ఎలా కట్టారో తెలిస్తే ఆశ్చర్యం పోతుంది, గౌరవం పెరుగుతుంది. బలమంతా ఓక్ కలప చట్రానిది. గోడ బరువు మొయ్యదు. పచ్చి ఓక్‌ని నేల మీద పరిచి, ఒకదాని కొసను నాలుకలా చెక్కి, రెండోదానికి బెజ్జం తొలిచి, ఒకదాన్నొకటి ఇరికించి, చెక్క చీలలు దిగ్గొట్టేవాళ్ళు. ఇనుప మేకులు లేవు. ఏ ముక్క ఎక్కడికో తప్పిపోకుండా వడ్రంగి ప్రతి అతుకు దగ్గరా గీతలతో అంకెలు గీసేవాడు. తర్వాత విప్పి, బండి మీద స్థలానికి తెచ్చి, నిలబెట్టేవాళ్ళు. చట్రం మధ్య ఖాళీల్లో సన్నటి కొమ్మలతో తడిక అల్లి, మట్టి, పేడ, గడ్డి కలిపి మెత్తేవాళ్ళు. మన పల్లెల్లో అమ్మమ్మలకి ఈ పని ఒకరు చెప్పనక్కర్లేదు. ఇలా కట్టిన ఇంటిని అలాగే విప్పవచ్చు. ఐదు వందల ఏళ్ళ కిందటి వడ్రంగి గీసిన అంకెలు ఇప్పటికీ ఆ కలప మీద ఉన్నాయి, లోపలికి వెళ్ళగలిగితే చూపుడువేలితో తడిమి చూడండి.

గోదావరి పక్క మా తాతగారి మండువా ఇల్లు నేను ఇంటర్ చదివేటప్పుడు కూల్చారు. టేకు స్తంభాలు బేరం పెట్టి అమ్మేశారు. అవి ఇప్పుడు ఎవరి హోటల్లో ఉన్నాయో. స్పాన్ స్ట్రీట్‌లో ఆ కలపను తాకినప్పుడల్లా ఆ స్తంభాలు గుర్తొస్తాయి.

ఇళ్ళను అలా మార్చడం సరైనదేనా అని వాదించేవాళ్ళున్నారు. ఇంటికి దాని వీధి, పక్కిల్లు, దాని వాకిట్లోంచి నడిచిన జనం, అన్నీ కలిస్తేనే చరిత్ర, ఎత్తుకొచ్చి ఇంకోచోట పెడితే అది బొమ్మల కొలువవుతుందని వాళ్ళ మాట. మచ్ పార్క్ స్ట్రీట్ ఇప్పుడు చూస్తే వాళ్ళు చెప్పేదాంట్లో నిజముంది. అక్కడ పోయింది పోయింది. ఆ పైన స్పాన్ స్ట్రీట్‌ని కూడా రింగ్ రోడ్డు రెండు ముక్కలు చేసింది. అయినా నేను చార్ల్స్ పక్షమే. అప్పటికి ఆ ఇళ్ళ ముందున్న దారులు రెండే: తరలడం, పొయ్యిలోకి పోవడం.

కూల్చక తప్పదు అన్న మాట నమ్మేముందు గ్రేఫ్రయర్స్ లేన్‌లో ఫోర్డ్స్ హాస్పిటల్ చూసి రండి. హాస్పిటలంటే వైద్యశాల కాదు, 1509లో కట్టించిన వృద్ధాశ్రమం. ఇరుకైన వాకిలి, రెండు పక్కలా చెక్కడాలతో నిండిన చట్రాలు. 1940 అక్టోబరు 14న, పెద్ద దాడికి సరిగ్గా నెల ముందు, దాని మీద బాంబు పడింది. వార్డెన్, ఒక నర్సు, ఆరుగురు వృద్ధులు చనిపోయారు. ముక్కలైన ఆ కలపనంతా ఏరి దాచారు. 1953 నాటికి ఆ పాత కలపతోనే తిరిగి కట్టారు. మళ్ళీ వృద్ధులు అందులో కాపురమున్నారు. అవే బాంబులు, అదే ఊరు. ఒకచోట ఏరుకున్నారు, ఇంకోచోట ఊడ్చేశారు. ఎవరు పట్టుపట్టారు, ఎవరు ఊరుకున్నారు అన్నదే తేడా.

ఇప్పటి సంగతికి వస్తాను. బుల్ యార్డ్, సిటీ ఆర్కేడ్ వైపు ఈ కాలపు కూల్చివేత మీరు చూస్తున్నారు. పడుతున్నది మధ్యయుగపు ఇళ్ళు కావు, 1950, 60లలో గిబ్సన్ తరం కట్టినవి. "అవి పాతవేంటక్కా, సిమెంటు డబ్బాలు" అంటారు మీరు. బుచర్ రోని పడగొట్టినవాళ్ళకీ అది చరిత్రలా కనిపించలేదు, మురికిలా కనిపించింది. ఆ కూల్చివేతల పక్కనే మనం బెండకాయలు, పచ్చిమిర్చి కొనుక్కునే గుండ్రటి మార్కెట్ ఉంది. 1958లో తెరిచారు, కప్పు మీద కార్లు నిలిపేలా కట్టారు. 2009లో దాన్ని రక్షిత కట్టడాల జాబితాలోకి, అంటే గ్రేడ్ 2 లిస్టులోకి, చేర్చారు. చుట్టూ అంతా మారుతున్నా అది నిలిచి ఉండటం ఆ లిస్టు చలవే. శనివారం ఉదయాలు అక్కడి కూరగాయలాయన నాకు ఈ ఊళ్ళో మొదటి పరిచయస్థుడు. ఆ కప్పు కింద గడిచింది నా జీవితం కూడా.

పాతదేదీ ముట్టుకోకూడదని నేను అనడం లేదు. జనానికి ఇళ్ళు కావాలి. మీకు గదులు కావాలి, అద్దెలు ఎంత మండిపోతున్నాయో నాకు తెలుసు. నా బాధ ఒక్కటే. విద్యార్థుల పేరు చెప్పి ఒక్కో బహుళ అంతస్తు లేస్తోంది, ఆ నిర్ణయంలో విద్యార్థి గొంతు ఎక్కడా వినిపించదు. గాస్‌ఫర్డ్ స్ట్రీట్ మీద రోజూ నడిచేది మీరు. వైట్‌ఫ్రయర్స్ మఠం మీ క్యాంపస్ అంచునే ఉంది. 1342లో వచ్చిన కార్మలైట్ సన్యాసుల మఠం అది, 1565లో మొదటి ఎలిజబెత్ రాణి బస చేసిన చోటు. ఇప్పుడు దాని ముఖం మీదుగా రింగ్ రోడ్డు ఫ్లైఓవర్ వెళ్తోంది. రెండేళ్ళు దాని పక్కన చదివి, అదేమిటో తెలియకుండా వెళ్ళిపోయినవాళ్ళు నాకెంతమందో తెలుసు.

మీకున్న హక్కులు మీకెవరూ చెప్పరు, అందుకని నేను చెప్తాను.

భారత పౌరులుగా, కామన్వెల్త్ దేశస్థులుగా, చెల్లుబాటయ్యే వీసాతో ఇక్కడ ఉంటున్న 18 ఏళ్ళు దాటినవాళ్ళకి ఈ ఊరి కౌన్సిల్ ఎన్నికల్లో ఓటుంది. పార్లమెంటు ఎన్నికల్లోనూ ఉంది. స్టూడెంట్ వీసా అయినా సరే. ఆన్‌లైన్‌లో పేరు నమోదుకి ఐదు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు. ఈ ఊళ్ళో 54 మంది కౌన్సిలర్లున్నారు, మీ వార్డుకి ముగ్గురు. మీరు ఈమెయిల్ రాస్తే వాళ్ళు జవాబివ్వాల్సినవాళ్ళే.

ఏ పెద్ద కట్టడానికైనా ముందు ప్లానింగ్ దరఖాస్తు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పెడతారు. స్తంభానికి కట్టిన కాగితం మీరు చూసే ఉంటారు, పట్టించుకోకుండా దాటి ఉంటారు. మామూలుగా 21 రోజులు గడువిస్తారు. ఎవరైనా అభిప్రాయం రాయవచ్చు, పౌరసత్వం అడగరు. రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త: మా కిటికీలోంచి వ్యూ పోతుంది, ఇంటి ధర తగ్గుతుంది అంటే లెక్కలోకి తీసుకోరు. పక్కనున్న చారిత్రక కట్టడానికి ఏ నష్టం జరుగుతుంది, వీధికి వెలుతురు ఎంత తగ్గుతుంది, రద్దీ ఎంత పెరుగుతుంది అని రాయండి. వాటిని లెక్కలోకి తీసుకుని తీరాలి.

ఒక కట్టడం కాపాడదగినదని మీకే అనిపిస్తే, లిస్టులో చేర్చమని హిస్టారిక్ ఇంగ్లాండ్‌కి ఎవరైనా, ఎక్కడివాళ్ళైనా, ఉచితంగా దరఖాస్తు పెట్టవచ్చు. సాధారణంగా ముప్పై ఏళ్ళు నిండినదై ఉండాలి. ఆర్కిటెక్చర్, సివిల్ చదివేవాళ్ళు మీలో ఉన్నారు. ఒక్క దరఖాస్తు శ్రద్ధగా రాస్తే ఏ ప్రాజెక్టు రిపోర్టూ నేర్పనిది నేర్చుకుంటారు.

సెప్టెంబరులో హెరిటేజ్ ఓపెన్ డేస్ వస్తాయి, మామూలు రోజుల్లో మూసి ఉండే తలుపులు కొన్ని ఆ పది రోజులూ తెరుస్తారు. అంతవరకూ ఆగక్కర్లేదు. బేలీ లేన్‌లో సెయింట్ మేరీస్ గిల్డ్‌హాల్ ఉంది, 1340లలో మొదలైన వర్తక సంఘాల సభామందిరం. అయిదు వందల ఏళ్ళ కిందట ఏ గోడకోసం నేశారో ఆ గోడకే ఇప్పటికీ వేలాడుతున్న నేత తెర ఉంది అందులో. మగ్గాల ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు మీలో ఉంటే దాని ముందు కాస్త ఎక్కువసేపు నిలబడండి. తర్వాత కింగ్‌ఫీల్డ్ వైపు వెళ్ళి క్యాష్ కంపెనీ 1857లో కట్టిన రిబ్బన్ నేతగాళ్ళ ఇళ్ళు చూడండి. మన నేతగాడి మగ్గం గుంటలో ఉంటుంది, వీళ్ళ మగ్గం పై అంతస్తులో, వెలుతురు కోసం పెట్టిన నిలువెత్తు కిటికీల వెనక. కింద కాపురం, పైన పని.

వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం పదింటికి నేను స్పాన్ స్ట్రీట్‌లో ఓల్డ్ విండ్‌మిల్ ముందుంటాను. అక్కణ్ణుంచి బర్జెస్, కుక్ స్ట్రీట్ గేట్, ట్రినిటీ స్ట్రీట్, బేలీ లేన్ మీదుగా ఫోర్డ్స్ హాస్పిటల్ దాకా నడుద్దాం. రెండు గంటలు పడుతుంది. ఓటు నమోదు చెయ్యని వాళ్ళు నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఉంటే తెచ్చుకోండి, దారిలో ఎక్కడో కూర్చుని ఫోన్‌లోనే చేసేద్దాం. చలి బాగా ఉంటుంది, మఫ్లరు మర్చిపోకండి. ఇడ్లీలు నేను తెస్తాను.

మీ అక్క,
స్పాన్ ఎండ్, కోవెంట్రీ